బొమ్మవాద్యములు

పోయిన వేసవి సెలవులలో మా యింట నొక సంగీతసభ జరిగినది. అందు వీణ లేదు, మృదంగము లేదు, హార్మోనియము సైతము లేదు. ప్లాస్టిక్కుతో జేసిన గిటారులు రెండు, నాలుగు రబ్బరు పలకలును, క్రింద నొక కాలితొక్కుడును గల డ్రమ్ము ఒకటి, మైకు ఒకటి. ఇవియే వాద్యములు. శ్రోతల స్థానమున టెలివిజను తెర. పాటలన్నియు సీమపాటలు. వాయించువారిలో నొక్కరికిని సంగీతము రాదు. ఇరువది యేండ్లుగా పిల్లలకు తెలుగును, అవసరపడినపుడు ఇంగ్లీషును చెప్పుకొని బ్రదుకుచున్న బడిపంతులు బొమ్మల ముచ్చటను పత్రిక కెక్కించుట చదువరులకు వింతగా దోచవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. కాని ఆ పదునైదు దినములలో మా నట్టింట నేను చూచినవి, చూచి తలచుకొనినవి, నన్ను వ్రాయకుండ నుండనీయకున్నవి.

మాది పెద్దపల్లి. కాజీపేటనుండి బల్లార్షాకు బోవు రైలుమార్గముపై నున్న యూరు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీవరకు కరీంనగరు జిల్లాలోనిది. ఆనాటినుండి తానే యొక జిల్లాకు ముఖ్యపట్టణము. మా పూర్వుల గ్రామ మిచ్చటికి దగ్గరలోనే కలదు. మేము సాలెవారము. మా తాత దొర గడి ముందర చెప్పులు విడిచి, తువ్వాల నడుమునకు జుట్టుకొని, నిలువబడియే మాటాడెడివాడని మా బాపు చెప్పెడివాడు. ఆ మాట చెప్పునపుడు ఆయన గొంతులో నిప్పు రగులుచుండెడిది. ఆ నిప్పు మా వాడ దాటి క్రిందివాడకు నడచువేళ నెందుకు చల్లారెడిదో నేను చిన్ననాడు అడుగలేదు.

మా అక్క కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. మే నెలలో భార్యాబిడ్డలతో వచ్చినపుడు, తిరిగి పోవునాడు మామిడికాయతొక్కు జాడీలు పట్టవలసిన పెట్టెలో ఈ బొమ్మవాద్యములను విప్పి, మడచి, తెచ్చినాడు. “అక్కడ అటుక మీద పడి ఉన్నయి మామా. ఇక్కడ పిల్లలన్న ఆడుకుంటరు” అని వాని సమాధానము.

ఆట చూడనివారి కొరకు దాని తీరు కొంచెము చెప్పవలసి యున్నది. తెరపై బాటలవంటి పట్టీలు కానవచ్చును. వాద్యమునకు పట్టీ యొకటి. ఆ పట్టీమీద రంగుబిళ్లలు మనవైపునకు జారివచ్చుచుండును. బిళ్ల క్రిందిగీతను దాకిన క్షణమున గిటారువాడు అదే రంగుమీటను నొక్కి తీగవలె నున్న పలకను మీటవలయును. డ్రమ్మువాడు అదే రంగు పలకను గొట్టవలయును. పాడువానికి బిళ్లలు లేవు. స్వరము హెచ్చుతగ్గులను జూపు గీత యుండును, గొంతు దాని వెంట బోవలయును. సరిగా చేసినంతసేపు పాటలో ఆ వాద్యము వినబడును. తప్పినచో నదియొక్కటే మాయమగును. గిటారువాడు తప్పెనా, గిటారు లేని పాట సాగును. కనుక ఒకడు తప్పిన సంగతి తక్కిన ముగ్గురికిని చెప్పనక్కరలేదు. వాని లోటు వారి చెవులకే తెలియును.

ఇది నలుగురును కలసి గెలుచు ఆట. కలసి ఓడు ఆట. ఒకనిపై నొకడు గెలుచుట ముఖ్యము కాదు. తప్పులు మితిమీరినవాడు పాటనుండి పడిపోవును. అట్లు పడినవాడు అందరిని క్రిందికి లాగుచుండును. ఎవ్వరును పట్టించుకొననిచో కొంతసేపటికి పాట యంతయు నాగిపోవును. అయితే తక్కినవారు బాగుగా వాయించి కూడబెట్టుకొనిన శక్తి యొకటి యుండును. దానిని తమ మెప్పునకు, అనగా లెక్కలు పెంచుకొనుటకు, వాడుకొనవచ్చును. లేక పడినవానిని లేవదీయుటకు ఖర్చుపెట్టవచ్చును. ఒక పాటలో ఒక మనిషిని రెండు మారులు లేవదీయవచ్చును. మూడవమారు పడినచో పాట ముగియువరకు వాడు వెలుపలనే.

ఈ యాట పేరు రాక్ బ్యాండ్. మసాచుసెట్స్ రాష్ట్రమందలి కేంబ్రిడ్జిలో హార్మొనిక్స్ అను సంస్థ దీనిని నిర్మించి 2007 నవంబరులో విడుదల చేసినది. ఆ సంస్థను 1995లో స్థాపించిన అలెక్స్ రిగోపులోస్, ఈరాన్ ఎగోజీ అను వారిరువురును ఎం.ఐ.టి.లో చదివినవారు, సంగీతము నేర్వనివారికిని వాయించుటలోని యానందమును రుచి చూపవలయునని వారి పూనిక. 2005లో వారే గిటార్ హీరో అను ఆటను జేసిరి. కొన్నియేండ్లు ఈ యాటలు లోకమున విరివిగా నమ్ముడుపోయి, అంతే త్వరగా చల్లబడినవి. 2011 ఫిబ్రవరిలో గిటార్ హీరో పని నిలిపివేయబడినది. 2015లో రాక్ బ్యాండ్ నాలుగవ భాగము వచ్చినది గాని మునుపటి వేడి తిరిగి రాలేదు. 2021లో హార్మొనిక్సును ఎపిక్ గేమ్స్ అను సంస్థ కొనివేసినది. పెట్టె నిండ వాద్యములతో మొదట దాని వెల 170 డాలర్లు. ఇది గుర్తుంచుకొనదగినది. ఈ బొమ్మల సభకు కులము తెలియకపోవచ్చును గాని, సంచి బరువు తెలియకపోలేదు.

నే నాడు మా మేనల్లునికి చిన్న ఉపన్యాసమే యిచ్చితిని. వీణపై సరళీస్వరములు పలికించుటకే నెలలు పట్టుననియు, శ్రమలేని విద్య విద్య కాదనియు, ఎవరో పాడిపెట్టిన పాటకు మీటలు నొక్కుట సంగీతము కాదనియు జెప్పితిని. భరతుని నాట్యశాస్త్రమున వాద్యబృందమునకు కుతపమని పేరనియు, అందెవరెచ్చట కూర్చుండవలయునో ఆయన నిర్ణయించెననియు గూడ జెప్పితిని. వాడు విని, “మీరు ఒక్కపాట ఆడి చూడుండ్రి మామా, తర్వాత తిట్టుండ్రి” అనెను. నేను ఆడలేదు. కుర్చీలో కూర్చుండి చూచితిని. పంతుళ్లకిది సహజదోషము.

మొదటి సాయంత్రము మా మేనల్లుడు గిటారు పట్టెను. మా అమ్మాయి, తొమ్మిదవ తరగతిది, రెండవ గిటారు. వాని బాల్యమిత్రుడు, బ్యాంకులో పనిచేయువాడు, డ్రమ్ము ముందు కూర్చుండెను. మా మేనల్లుని భార్య మైకు పట్టుకొనెను. పాట మొదలైన నిమిషములోనే నలుగురును తప్పుచుండిరి. రెండవ పాటయు నంతే. మూడవ పాటకు మాటలు మొదలైనవి. డ్రమ్ము తాళము తప్పుచున్నది గనుకనే మేమందరము తప్పుచున్నామని గిటారువాడు. పాట ముందుకు బోవుచున్నదని డ్రమ్మువాడు. “ఈ ఇంట్ల ఏది చెడిపోయినా నా వల్లనే గదా” అని పాడునామె. ఆ మాట పాటను గూర్చి మాత్రమే యన్నది కాదని మా యక్క ముఖము చూడగనే తెలిసినది. మా అమ్మాయి మాత్రము మాటాడలేదు. తనదే తప్పని లోలోపల నిశ్చయించుకొని పెదవి కొరుకుకొనుచుండెను. ఒక తప్పు కనబడినపుడు ఇంటిలోని మనుష్యులు దానిని తమ తమ పాత లెక్కలలో నెట్లు వ్రాసికొందురో నే నాడు చూచితిని.

అంతలో కరెంటు పోయెను. ఇన్వర్టరు పనిచేయకపోయెను. నా వద్ద చదువుకొనిన పిల్లవా డొకడు ఇన్వర్టర్లు, డిష్షులు బాగుచేయు పని పెట్టుకొని యున్నాడు. మా పూర్వుల గ్రామమువాడే. ఫోను చేయగా వెంటనే వచ్చెను. పని ముగించి, వాకిటి గడపవద్ద నిలువబడి రెండు పాటలు చూచి, మెల్లగా నాతో ననెను: “సార్, తప్పు వాళ్లది కాదు. టీవీల బొమ్మ ఆలస్యంగ వస్తున్నది.”

అతడు విప్పి చెప్పిన దిది. పూర్వపు లావుపాటి టెలివిజనులో బొమ్మ వచ్చినది వచ్చినట్లు కనబడెడిది. ఈ పలుచని తెరలు బొమ్మను దిద్ది, మెరుగుపెట్టి, పిదప చూపును. ఆ దిద్దుబాటునకు సెకనులో నేదో కొంత భాగము పట్టును. సినిమా చూచువానికి దానితో నిమిత్తము లేదు. కాని చూచినది చూచినట్లు కొట్టవలసినవానికి అంతయు తప్పిపోవును. ఆటలోనే దానిని సరిచేసికొను చోటు కలదు. మా మేనల్లుడు తల బాదుకొనెను. అమెరికాలో ఏనాడో సరిచేసి మరచిపోయినాడట. సరిచేసిన పిమ్మట అదే నలుగురు అదే పాటను ముగించిరి. ఒక గంటసేపు మేము మనుష్యులలో వెదకిన దోషము తెరలో నుండెను. పాడునామె మాత్రము తా నన్న మాటను వెనుకకు దీసికొనలేదు. దీసికొనవలసిన పనియు లేదేమో.

“నువ్వు గూడ కూర్చో” అని మా వాడతనిని బిలిచెను. అతడు, “వద్దన్నా, పోత” అని వెనుదీసెను. అప్పుడు మూలనున్న మా అమ్మ అడిగినది, పల్లెలో ప్రతి కొత్తముఖమును అడుగు ప్రశ్ననే: “ఎవరి కొడుకువు బిడ్డా?” అతడు తండ్రిపేరు గాక తాతపేరు చెప్పెను, పెద్దవారికి గుర్తుపట్టుట సులభమని. మా అమ్మ కొంచెము సేపూరకుండెను. ఆ తాత డప్పు కొట్టెడివాడు. మా అమ్మ పెండ్లినాడు, పెండ్లికొడుకును ఎదురుకొనుటకు బోయినపుడు ముందు నడచినది ఆ డప్పే. “కూసో” అని మా అమ్మ అనెను.

అతడు డ్రమ్ము ముందు కూర్చుండెను. మొదటిపాట అన్నిటికంటె తేలికమెట్టున వాయించెను. గంట తిరుగునప్పటికి మూడవ మెట్టునకు బోయెను. విశేషమేమనగా, అతడు కూర్చుండిన పిదప తక్కినవారందరును బాగుపడిరి. తాళము నిలుకడగా నున్నచో తప్పినవానికి తిరిగి వచ్చి కలియుటకు చోటు దొరకును. మా అమ్మాయి ఎచ్చట తడబడునో అతడు రెండుపాటలలో కనిపెట్టెను. ఆమె పడిపోయినపుడు, తాను కూడబెట్టిన శక్తి నంతయు ఖర్చుచేసి లేవదీసెను. ఆమె వైపు చూడలేదు. చూచిన తన బిళ్లలు తప్పును గదా. ఈ యాటలో నెవ్వరు నెవ్వరి ముఖమును జూడరు. అందరి కన్నులును తెరమీదనే. అయినను ఒకరి నొకరు కనిపెట్టియే యుందురు. ఇది నాకు మిక్కిలి వింతగా దోచినది.

మరియొక సంగతి. నలుగురును ఒకే పాటలో నాలుగు వేరువేరు మెట్ల నెంచుకొనవచ్చును. నేర్చినవాడు కష్టమైన మెట్టు, నేర్వనివాడు తేలికైన మెట్టు. పాట యొక్కటే, ఫలమును అందరిది. సంస్కృతము చదువుకొనినవానికి ఇచట అధికారిభేద మను మాట స్ఫురింపక మానదు. ఎవని యోగ్యతను బట్టి వానికి విద్య యని పెద్దలు చెప్పిన మాటలో సత్యము లేకపోలేదు. తరగతిలో నలుబదిమందికి ఒకే పాఠము చెప్పి విసిగినవానికి ఆ సత్యము తెలియును. కాని మనవారు ఆ యోగ్యతను పుట్టిన యింటి గడపమీద వ్రాసి పెట్టిరి. ఇచట ఎవని మెట్టును వాడే యెంచుకొనును. నేడు తేలికమెట్టున నున్నవాడు రేపు పైమెట్టున కూర్చుండిన అడ్డగించువాడు లేడు. ఇందుకై యంత్రమును మెచ్చుకొనుటకు నా మనసొప్పదు. యంత్రమునకు కులము తెలియదు. తెలియకపోవుట దాని గుణము గాదు. తెలిసియు విడుచుట మనుష్యునికే సాధ్యమగు పని.

బ్రౌన్ విశ్వవిద్యాలయమునకు జెందిన కిరి మిల్లర్ అను పండితురాలు ఈ యాటలను పరిశీలించి 2012లో ‘ప్లేయింగ్ అలాంగ్’ అను గ్రంథమును వెలువరించినది. ఇతరు లెన్నడో పాడిపెట్టిన ధ్వనికి ఆడువారు తమ దేహమును జతచేయుట వట్టి నటన కాదు, అదియు నొక విధమైన సంగీతానుభవమే యని యామె మతము. నేను కుర్చీలో కూర్చుండి చేసిన యుపన్యాసముకంటె నది నిదానించి చెప్పిన మాట. మన ఒగ్గుకథలో ప్రధానకథకుడు ఊపిరి తీసికొనువేళ వంతవాడు మాట నందుకొని నిలుపును; డోలు ఆ సందును నింపును. ఆ కథలు వినుచు పెరిగినవారికి, ఒకని లోటును మరియొకడు పూడ్చుటయే పాటలోని జీవమని వేరుగ చెప్పనేల?

రెండవ వారము ఒకరాత్రి డాబాపై పండుకొని మా మేనల్లుడు ఆ పెట్టె పూర్వచరిత్ర చెప్పెను. 2009లో వాడు అర్లింగ్టన్‌లో చదువుచున్నప్పుడు, ఊరు విడిచిపోవుచున్న సీనియరొకడు దీనిని వీరి కమ్మిపోయెను. గదిలో నలుగురు: ఇరువురు కరీంనగరు వైపువారు, ఒకడు గుంటూరువాడు, మరొకడు విజయవాడవాడు. ఆ సంవత్సరము డిసెంబరు 9వ తేదీ రాత్రి తెలంగాణ రాష్ట్రమునకై ప్రకటన వచ్చినది. 23వ తేదీన ఆ మాట సడలినది. గదిలో మాటలు నిలిచిపోయినవి. వంటపాత్రలు వేరయినవి. పాలడబ్బాపై పేర్లు వ్రాసికొనిరట! కాని శనివారము రాత్రి పెట్టె తెరచెడివారు. ఆ నాలుగు వాద్యముల కిద్దరు చాలరు గనుక. మాటలేకయే గిటారు, మాటలేకయే డ్రమ్ము. గుంటూరువాడు పడిపోయినపుడు లేవదీయవలయునా వద్దా యని ఒకనాడు తన చేయి ఒక క్షణ మాగినదని వాడు దాచక చెప్పెను. “లేపినవా?” అని యడిగితిని. “లేపిన మామా. లేపకపోతే నా పాట గూడ ఆగిపోతది గదా” అనెను. వారిలో నొకడు వేసవికి గది మారెను. ఒకనితో నేటికిని స్నేహము కలదు. ఇంతకంటె నద్భుత మేమియు జరుగలేదు. స్వార్థముచేత లేవదీసినను లేవదీసినదే గదా యని నేను చాలసేపు ఆకాశము చూచుచు పడియుంటిని.

ఇక మా అమ్మ. ఆమెకు డెబ్బది యారేండ్లు. ఒక మధ్యాహ్నము ఎవ్వరును లేని వేళ ఆ డ్రమ్ము ముందు కూర్చుండి కాలితొక్కుడును త్రొక్కుచుండగా మా అమ్మాయి చూచి, టీవీ పెట్టి, తేలికమెట్టున పాట నెత్తుకొనెను. చేతులు రంగుల నందుకొనలేకపోయినవి. ఏది నీలమో ఏది పచ్చయో చూచునంతలో బిళ్లలు దాటిపోయెడివి. కాని కాలు మాత్రము ఒక్కటియు తప్పలేదు. మా బాపు మగ్గముమీద లేనివేళ ఆమె గుంటలో దిగి నేసెడిది. కాలి క్రింద కర్రలు, చేతిలో నాడె. ముప్పదియేండ్ల క్రింద మానిన పని కాలిలో నిలిచియుండెను. బతుకమ్మ ఆటలో ఒకరు పాట నెత్తుకొన తక్కినవారు చప్పట్లతో నందుకొని వలయము తిరుగునపుడు, తప్పటడుగు వేసిన కోడలిని వెనుకనున్నామె భుజము తట్టి సరిచేయును. మా అమ్మకు ఆ సీమపాటలో నొక్క ముక్కయు తెలియదు. “గిది మంచిగనే ఉన్నది గని, పాట ఎవరి మీద పాడుతుండ్రో ఎరుకయితలేదు” అని ఆమె విమర్శ. నేను చదివిన విమర్శలలో దీనికి సమానమైనవి కొద్ది.

అదే అమ్మ. ఆ పిల్లవాడు వచ్చిన ప్రతి సాయంత్రము ఆమెయే వానికి చాయ పోసెడిది. అందరితోపాటు స్టీలుగ్లాసులోనే. నేను సంతోషించితిని, కొంచెము గర్వించితిని గూడ. నాలుగవనాటి తెల్లవారుజామున నీళ్లకై లేచి వెనుకకు బోగా, తక్కిన గ్లాసు లన్నియు గంపలో నుండగా ఒక్క గ్లాసు వేరుగ, చింతపండుతో తోమి, తులసిగద్దె ప్రక్కన నెండకు బెట్టియున్నది. ఆమె నన్ను చూచినది. నే నామెను చూచితిని. ఇరువురము నేమియు ననలేదు. ఆ సాయంత్రము, “పిల్లగాడు ఇంక రాలేదేమి?” అని మొదట అడిగినదియు ఆమెయే. ఈ రెండు పనులును ఒకే చేతివి. బడిలో నేను అంటరానితనమును గూర్చి పాఠము చెప్పువాడను. 1906లో భాగ్యరెడ్డివర్మ హైదరాబాదున జగన్మిత్రమండలిని స్థాపించి హరికథలద్వారా తనవారిని మేల్కొలిపిన వృత్తాంతమును ఏటేట పిల్లలకు వినిపించువాడను. ఆ తెల్లవారుజామున చేతిలో చెంబుతో నిలువబడి, కన్నతల్లితో నొక్కమాట యనలేకపోయితిని. మరునాడు ఆ గ్లాసులో నేను చాయ త్రాగితిని. ఆమె చూచునట్లు త్రాగితిని. అదియు నొక నటనయే.

నా మౌనము క్రొత్తది కాదు. నాకు పండ్రెండు పదమూడేండ్ల వయసున, మా గ్రామమున పిల్లలదళమునకు చిరుతల రామాయణము నేర్పుటకు పైయూరినుండి గురువును పిలిపించిరి. చిరుతల నెరుగనివారుందురు. చేతిలో నిమిడెడు కర్రపలకల జత, అందు ఇత్తడిబిళ్లలు. ఒకచేతిలోని జతను తాటించినచో కర్రమ్రోత, బిళ్లలమ్రోత ఒక్కసారిగ వచ్చును. కాలికి గజ్జెలు. పాత్రధారులందరు వలయముగ దిరుగుచు, ఆడుచు, పాడుచు కథ నడిపింతురు. ఒకరి వచ్చినచో తక్కినవారు వంత. మూడునెలలు ప్రతిరాత్రి గుడిముందర నేర్చితిమి. నేను వానరసేనలోనివాడను.

క్రిందివాడ పిల్లవా డొకడు ప్రతిరాత్రి వచ్చి, వెలుగు పడుచోటికి అవతల నిలువబడెడివాడు. చిరుతలకు బదులుగా రెండు పెంకుముక్కలు వ్రేళ్లసందున బట్టుకొని మా తాళమునకు తాళము వేసెడివాడు. మూడునెలలలో వానికి అన్ని పాత్రల పాటలును వచ్చినవి. మాలో నెవ్వడైన మాట మరచిన, చీకటిలోనుండి ఆ మాట వినబడెడిది. మేము దాని నందుకొనెడివారము. అందుకొనినందుకు సిగ్గు లేదు; వానిని రమ్మనుటకు మాత్రము నోరు రాలేదు.

ఆటకు పదిదినముల ముందు లక్ష్మణుని వేషమువాడు తండ్రివెంట భీవండి పోయెను. ఆ కాలమున మా వాడలో సగము ఇండ్లు మరమగ్గముల పనికై భీవండికి బోయినవే. లక్ష్మణుడు లేక రామాయణము లేదు. గురువు చీకటివైపు చూపి, “ఆ పోరనికి మొత్తం వస్తది, వాన్ని పెట్టుండ్రి” అనెను. పెద్దలు కాదనిరి. కారణము చెప్పలేదు, చెప్పనక్కరలేదు. గురువు మాత్రము వెంటనే యూరకుండక పిల్లలవైపు తిరిగి, “మీరేమంటరు రా?” అని యడిగెను. మేము పదునాలుగుమందిమి. వలయముగ నిలువబడి యుంటిమి గనుక ప్రతివాని ముఖము ప్రతివానికి కనబడుచుండెను. నేను చీకటివైపును చూచితిని. వాడు నన్నే చూచుచుండెను. ఒక్కరును పలుకలేదు. ఒకానొక పాట రాని పిల్లవానికి లక్ష్మణుని కిరీటము పెట్టిరి. ఆటనాడు వాడు పెదవులు కదల్చుచుండగా గురువు వెనుకనుండి పాడెను. ఊరంతయు మెచ్చుకొనెను.

తరువాత నేను సంస్కృతము చదివితిని. ఐకమత్యమును గూర్చిన ఋగ్వేదపు చివరి సూక్తమునకు ప్రతిపదార్థతాత్పర్యములు వ్రాసి మంచి మార్కులు దెచ్చుకొంటిని. అప్పుడైనను వాడు జ్ఞప్తికి రాలేదు. వచ్చినది ప్లాస్టిక్కు డ్రమ్ము ముందు, మా అమ్మాయి పడి లేచినపుడు.

ఇన్వర్టరు పిల్లవానిని ఒకనాడు వేరుగ బిలిచి అడిగితిని. ఆ పెంకుముక్కలవాడు అతని చిన్నాయనయే. పండ్రెండేండ్లు మస్కటులో పనిచేసి వచ్చి, ఇపుడు గోదావరిఖనిలో ఆటో నడుపుచున్నాడు. మేనల్లుడు తిరిగి పోయిన మరుసటి ఆదివారము నేను రైలెక్కి రామగుండము స్టేషనులో దిగితిని. ఫోనులో చెప్పియుంటిని గనుక ఆటోతో వచ్చి నిలువబడియుండెను. నాకంటె ఒకటి రెండేండ్లు పెద్దవాడు, తల నెరసినది. నన్ను “సారు” అనెను. నేను వయసుకు తగినట్లు “అన్నా” అంటిని. ఆ పిలుపు ఇద్దరికిని కొత్త.

ఖని బజారులో చాయ త్రాగితిమి. చెప్పవలయునని ముందుగనే కూర్చుకొనిన వాక్యములు నోట రాలేదు. ఎట్లో ఆ రాత్రి ప్రసంగమెత్తితిని. తప్పు చేసితి నంటిని. అతడు కొంతసేపు గ్లాసు త్రిప్పుచుండెను. “గురువు అడిగినప్పుడు మీరు నా దిక్కు చూసిండ్రు సారు. మిగిలినోళ్లు కింద చూసిండ్రు. మీరొక్కలే చూసిండ్రు” అనెను. అది మెచ్చుకోలో నేరారోపణయో ఆ ముఖమున నాకు తెలియరాలేదు. “మీరు అంటరనుకున్న” అని పిదప చేర్చెను.

స్టేషనునకు తిరిగి తెచ్చువేళ దారిలో మా యింటి ఆటను గూర్చి అడిగెను, అన్నకొడుకు చెప్పినాడట. పడిపోయినవానిని రెండు మారులు లేవదీయవచ్చునను సంగతికి నవ్వెను. ఆటో దిగునపుడు, “లక్ష్మణుని పాటలు మీకేమన్న యాదికున్నయా సారు?” అని యడిగెను.

లేవంటిని.

“నాకు మొత్తం వస్తయి” అనెను. బల్లార్షావైపునుండి బండి వచ్చుచున్నదని గంట మ్రోగినది.